కొబ్బరి రైతుల సంఘం వార్షిక నివేదిక: మట్టలు, డొక్కలు, చిప్పలు

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడు సర్వసభ్య సమావేశంలో ఒక్క తీర్మానమే గట్టిగా చేసుకున్నాం: తోటలో మట్టలు, డొక్కలు (కాయ మీది పీచు తొక్కలు) తగలబెట్టొద్దని. ఏడాది పనులన్నీ దాని చుట్టూనే తిరిగాయి. పూర్తిగా నిలబెట్టుకున్నామని మాత్రం చెప్పలేను. కార్యదర్శినైన నా తోటలోనే వేసవిలో ఒకసారి పొగ లేచింది. కూలీలకు ముందుగా చెప్పకపోవడం నా తప్పే.

కాపు మీదున్న చెట్టు నెలకు దాదాపు ఒక మట్ట రాలుస్తుంది. ముదురు కాయ బరువులో మూడో వంతుకు పైగా డొక్కే. కాయ అమ్ముకుని ఇంత సరుకును బూడిద చేసుకుంటున్నామన్నమాట.

డొక్కల పని అన్నిటికన్నా తేలిగ్గా సాగింది. చెట్ల వరసల మధ్య కందకాలు తవ్వి, డొక్కల లోపలి వైపు పైకి ఉండేలా పేర్చి, వరసకో పొర మట్టి కప్పాం. నీటిని పట్టి ఉంచుతాయి, మెల్లగా పొటాష్ కూడా ఇస్తాయి. ఒకసారి పూడిస్తే ఐదారేళ్లు పనిచేస్తాయి కాబట్టి తవ్వకం కూలి ఏటా పడదు.

పొట్టు దగ్గర దెబ్బ తిన్నాం. డొక్కలో పీచు సుమారు 30 శాతమే, మిగతాదంతా పొట్టు. పీచు తీసే మిల్లు నుంచి తెచ్చిన పచ్చి పొట్టును ఉత్సాహం కొద్దీ నేరుగా నారు సంచుల్లో నింపాం. మూడు వారాలకు నారు పసుపెక్కింది. తెగులేమోనని టెన్షన్ పడి మందులు కూడా కొట్టాం. తీరా చూస్తే తప్పు పొట్టుది కాదు, మాది. అందులో కర్బనం మరీ ఎక్కువ, నత్రజని మరీ తక్కువ. అది కుళ్లేటప్పుడు మొక్కకు అందాల్సిన నత్రజనిని సూక్ష్మజీవులు లాగేసుకుంటాయి. పైగా ఉప్పు, టానిన్లు అనే వగరు పదార్థాలు. బకెట్‌లో నానబెట్టి పిండితే మొదటి నీళ్లు డికాషన్ రంగులో దిగాయి, నాలుగోసారికి గానీ తేటపడలేదు. తర్వాతి విడతలో టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, 5 సీసాల ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనం పొరలుగా వేసి, తడి ఆరకుండా చూశాం. నల్లబడి, మట్టి వాసన వచ్చాకే వాడాం. ఆ నారు బాగుంది.

మట్టలను ముక్కలు చేసి, బరువులో పదో వంతు పేడ కలిపి వానపాములకు వదిలాం. కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ చెప్పే పద్ధతే ఇది. మూడు నెలలకు ఎరువు చేతికొచ్చింది. వానపాముల తొట్టెలు కట్టని ఇద్దరు సభ్యులు మాత్రం మట్టలను తోట మూలన కుప్పగా పోసి వదిలేశారు. ఆ కుప్ప తిరగేసిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. పారకు తగిలిన ప్రతి గడ్డలోనూ బొటనవేలంత లావు తెల్లటి పురుగులు, గోధుమరంగు తలతో, ఉంగరంలా ముడుచుకుని. కొమ్ము పురుగు పిల్లలవి. అవే పెద్దవై మొవ్వు (చెట్టు తలలోని లేత చిగురు) తొలుస్తాయి, విసనకర్రను కత్తిరించినట్టు ఆకులు బయటికొస్తాయి. వాటిని ఏరి చంపి, కుప్పలో ఈ పురుగులను చంపే మెటారైజియం అనే శిలీంధ్రం కలిపాం. కుప్ప పోస్తే నెలకోసారి తిరగేయండి, లేదంటే పోయకండి. ఇందులో మొహమాటం లేదు, పక్కవాడి చెట్లు కూడా పోతాయి.

చిప్పల బొగ్గు ఇంకా నేర్చుకుంటున్నాం. మూడు కిలోల చిప్పలకు దాదాపు కిలో బొగ్గు రావాలి. డ్రమ్ములో తెల్లటి పొగ పలచబడి నీలంగా మారాక మూత బిగించి మర్నాటిదాకా ఆగాలి. ఒక సభ్యుడు ఆగలేక ఆ రాత్రే మూత తీశాడు. గాలి తగిలి భగ్గుమంది, తెల్లారేసరికి బూడిదే మిగిలింది.

పీచు కొన్న వ్యాపారి ఒకరు ఇంకా బాకీ ఉన్నారు, వసూలు ప్రయత్నంలో ఉన్నాం. లెక్కల పుస్తకం కార్యాలయంలో ఉంది, ఎవరైనా చూడొచ్చు.

మట్టలు ముక్కలు చేసే యంత్రం వంతుల పట్టిక తలుపుకు అంటించాం. మీ వంతు వచ్చేముందు మట్టల్లో తీగలు, మేకులు లేకుండా చూసుకోండి. బ్లేడు ఇప్పటికే రెండుసార్లు విరిగింది. మూడోసారి విరిగితే ఎవరి మట్టల్లో విరిగిందో వాళ్లే వేయించాలని కార్యవర్గం నిర్ణయించింది.

ఇట్లు,
కార్యదర్శి