చెన్నై – వేళాంకణ్ణి యాత్ర జమా ఖర్చులు, బస్సు సంగతితో సహా

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. యాత్ర నుంచి వచ్చి నెల దాటిపోయింది, లెక్క ఇంకా చెప్పరేమని అడుగుతున్నారు. అడగడం న్యాయమే. రాని బస్సుకి కట్టిన అడ్వాన్సు తిరిగొస్తుందేమో, వచ్చాక అన్నీ కలిపి ఒకేసారి రాద్దామని ఆగాం. రాలేదు. ఈలోగా బస్సు డబ్బు తినేశారని చర్చి మెట్ల దగ్గర మాటలు మాత్రం బాగా పెరిగాయి, అందుకని ఉన్నదున్నట్టు రాసేస్తున్నాం.

జమ:
యాత్రికులు 44 మంది, తలకి 5,500. పూర్తిగా కట్టినవాళ్లు 37 మంది – 2,03,500
విధవరాళ్లు ఐదుగురు, సంఘం తీర్మానం ప్రకారం సగం – 13,750
పాస్టరు అయ్యగారు, అమ్మగారు – ఉచితం (ఇదీ తీర్మానమే, పుస్తకంలో ఉంది)
మిషన్ (చెన్నైలో పనిచేసే మన కూలీల దగ్గర సేవ) కోసం నాలుగు ఆదివారాల ప్రత్యేక కానుక – 21,340
స్త్రీల సమాజం పిడికెడు బియ్యం అమ్మగా – 9,600
యువజనులు – 6,000
వాగ్దాన కానుకలు – 41,500
మొత్తం 2,95,690.

వాగ్దానాలు రాయించినవి 68,000, వచ్చినవి 41,500. బాకీ 26,500. మైకులో పేరు చదివించుకున్నవాళ్లు ఎవరో వాళ్లకి తెలుసు, మేం మళ్లీ చదవం. పిడికెడు బియ్యం పోగేసిన ఆడవాళ్లు మాత్రం ఒక్క వారం తప్పలేదు, వాళ్లకి మా ప్రత్యేక వందనాలు.

ఖర్చు:
ఆమదాలవలస నుంచి చెన్నై, రానూపోనూ స్లీపర్ – 45,320. పెద్దవాళ్లకి తగ్గింపు ఉంటుంది కదా అన్నారు, ఆ రాయితీ రైల్వే 2020లోనే తీసేసింది.
మూడు రాత్రుల వసతి – 24,600
టిఫిన్లు, భోజనాలు, నీళ్లు – 52,750
గుళ్లలో కానుకలు – 3,000
బ్యానరు, ఫొటోలు – 2,150
చిల్లర – 1,870
మిషన్ – 43,300 (కింద రాశాం)
బస్సు – 1,28,300

అందరూ అడిగేది ఈ ఆఖరి అంకె గురించే. మొదట మాట్లాడుకున్న బస్సు టోలు, బత్తా అన్నీ కలిపి నాలుగు రోజులకి 78,000. అడ్వాన్సు 25,000 ఫోన్‌పేలో రెండు విడతలుగా పంపాం, ఆ స్క్రీన్‌షాట్లు ఫైల్లో ఉన్నాయి. గురువారం తెల్లారి ఆరున్నరకి సెంట్రల్ స్టేషన్లో దిగాం. ఫోన్ చేస్తే బండి దారిలో ఉందన్నారు, తొమ్మిదికి టైరు పోయిందన్నారు, పదికి ఫోన్ స్విచాఫ్. 44 మందిమి సామాన్ల మీదే కూర్చున్నాం. రైల్లో తినగా మిగిలిన చేగోడీల డబ్బా చేతులు మారుతూ మారుతూ ఖాళీ అయిపోయింది. "ఏటి బావు, బస్సు రాదేటి?" అని ఒక అవ్వ ట్రెజరర్‌ని అడుగుతుంటే ఆయన మొహం చూడలేకపోయాం.

మా తప్పు ఎక్కడుందంటే, కాగితం మీద ఒప్పందం రాయించుకోలేదు. బ్రోకరు చక్కగా తెలుగు మాట్లాడాడు, పోయినేడు పక్క సంఘం వాళ్లని ఇబ్బంది లేకుండా తిప్పాడు, అది చూసి నమ్మేశాం. పేరు ఇక్కడ రాయం, ఇంకా వెంటపడుతున్నాం.

రెండో బస్సుకి అప్పటికప్పుడు ముగ్గురిని అడిగాం. ఒకరు 1,10,000 అన్నారు, ఇంకొకరి బండికి సీట్లు చాలవు, మూడోవాళ్లు 92,000కి దిగారు. టోలు, పార్కింగు, డ్రైవర్ బత్తా విడిగా 11,300. ఇందులో కమీషన్ తిన్నారని అన్నవాళ్లు బిల్లు మీదున్న నంబరుకి స్వయంగా ఫోన్ చేసుకోవచ్చు, మేమే ఇస్తాం.

వేళాంకణ్ణి మానేసి చెన్నైలోనే ఆటోల్లో తిరిగి వచ్చేయాల్సిందని కొందరి మాట. పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్), శాంథోమ్ చర్చి వరకు అలాగే చూడొచ్చు, కాదనం. కానీ మనతో కలిసిన తొమ్మిది మంది ఆర్.సి.ఎం. (రోమన్ కేథలిక్) వాళ్లు డబ్బు కట్టిందే వేళాంకణ్ణి కోసం, వాళ్లలో ఒకామెకి మనవడి తలనీలాల మొక్కు ఉంది. మనవాళ్లు ఎదురుచూసింది తరంగంబాడి (ట్రాంకెబార్) కోసం. జర్మనీ నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్ మిషనరీ జీగెన్‌బాల్గ్ 1706లో అక్కడే దిగాడు, 1718లో కట్టిన గుళ్లోనే ఆయన సమాధి. బైబిలుని తెలుగులోకి తర్జుమా చేయడానికి మొదట పూనుకున్న మిషనరీ షుల్జ్ కూడా ముందు అక్కడికే వచ్చాడు. అంత దూరం వెళ్లి స్టేషన్ నుంచే తిరిగొస్తే అప్పుడు ఇంకో రకంగా అనేవారు.

ఇక మిషన్. యాత్ర ఫిబ్రవరికి జరిపింది దీనికోసమే, సంక్రాంతికి ఊళ్లొచ్చిన మేస్త్రులు, కూలీలు మళ్లీ చెన్నై చేరాక వెళ్లాలని. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది పోతే, అందులో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఎంతమందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆదివారం కూలీలుండే షెడ్ల దగ్గర ప్రార్థన పెట్టాం. దోమతెరలు 60కి 12,600, బైబిళ్లు 40కి 8,000, మందులు 2,900, చికెన్ బిర్యానీ 132 పొట్లాలు 19,800. కూలీలకి బిర్యానీ ఎందుకు, పులిహోర చాలదా అని అడిగినవాళ్లున్నారు. వారమంతా సాంబారన్నం తినేవాళ్ల దగ్గరికి సొంతూరి చుట్టాల్లా వెళ్లి పులిహోర పెట్టడానికి మాకు మనసొప్పలేదు, అంతే. పాలకొండ వైపు తాపీ మేస్త్రి ఒకాయన చేతులకున్న సిమెంటు పోవాలని రెండుసార్లు కడుక్కుని మరీ బైబిలు అందుకున్నాడు, దోమతెర వచ్చిన కవర్లోనే దాన్ని చుట్టి మేకుకి తగిలించుకున్నాడు.

ఇప్పుడు అసలు ఒప్పుకోవాల్సింది. మిషన్ పేరున వచ్చింది (ప్రత్యేక కానుక, బియ్యం, యువజనులు, వాగ్దానాలు కలిపి) 78,440, మిషన్‌కి పెట్టింది 43,300. మిగతా 35,140 బస్సు గుంటలోకి పోయింది. అది చేయకూడని పనే, అడిగి చేయడానికి ఆ పూట టైము లేక అయ్యగారు, మేం నలుగురం స్టేషన్లో నిలబడే నిర్ణయించాం. అందుకే షెడ్ల మీదకి ఇస్తామన్న టార్పాలిన్లు ఇవ్వలేకపోయాం, వానాకాలం లోపు పంపుతామని మాటిచ్చి వచ్చాం.

మొత్తం ఖర్చు 3,01,290. జమ కంటే 5,600 ఎక్కువ, అది ట్రెజరర్ తన జేబులోంచి పెట్టారు. తినేశారని మాటపడ్డ మనిషికే మనం బాకీ ఉన్నాం. వాగ్దానాలు పూర్తిగా వస్తే ఆయనకి ఇచ్చేయగా 20,900 మిగులుతుంది, అది పూర్తిగా టార్పాలిన్లకే. అడ్వాన్సు ఎప్పుడైనా వస్తే అదీ మిషన్ ఖాతాలోకే వెళ్తుంది.

ఓచర్లు, బిల్లులు ఆదివారం ఆరాధన అయ్యాక బల్ల మీద పెడతాం, ఎవరైనా తిరగేసి చూసుకోవచ్చు. చెన్నైలో తాగిన టీలకి రశీదులు లేవు, అవి చిల్లరలో ఉన్నాయి.

బస్సులో మరిచిపోయిన స్టీలు క్యారేజీ ఒకటి, ఎర్రంచు శాలువా ఒకటి అమ్మగారి దగ్గరున్నాయి. ఎవరివో వచ్చి తీసుకెళ్లండి.