డీజిల్ మసికి మిల్లు క్యూలోనే పరీక్ష పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

మిర్యాలగూడలో లారీల రిపేరు షెడ్డు నడుపుతున్నాను. లారీ పొగలోని మసిని కరెంటుతో కాల్చే ప్లాస్మా పద్ధతిని మా మిల్లుల దగ్గరే పరీక్షించాలని ఈ ఉత్తరం. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్–6 (పొగ కాలుష్యం తగ్గించే ప్రమాణం) బండ్లకు మసి పట్టే ఫిల్టర్, అదే డీపీఎఫ్, ఉంటుంది. కోతల కాలం వచ్చిందంటే షెడ్డులో దాని గొడవే. డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, పికప్ పడిపోతుంది. "అన్నా, లోపల గుల్ల చేసి వెల్డింగ్ కొట్టెయ్" అంటాడు డ్రైవర్. నేను చేయను. చేసేవాళ్లు దొరుకుతారు.

డ్రైవర్లను తిట్టి లాభం లేదు. మసి దానంతటదే కాలాలంటే 600 డిగ్రీల వేడి కావాలి. ఫిల్టర్‌కు ముందున్న ప్లాటినం క్యాటలిస్టు, అంటే రసాయన చర్యను వేగం చేసే పూత, పుట్టించే నైట్రోజన్ డయాక్సైడ్ దాన్ని 250–400 డిగ్రీలకే కాలుస్తుంది. లోడుతో అద్దంకి రోడ్డెక్కిన బండికి ఆ వేడి వస్తుంది. మిల్లు ముందు వడ్ల క్యూలో ఇంజిన్ ఆపకుండా ఇంచించు జరిగే బండికి ఎక్కడొస్తుంది? అప్పుడు బండి కంప్యూటర్ అదనంగా డీజిల్ కొట్టి మసిని కాల్చబోతుంది. ఆ డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ గీత దాటి పైకొచ్చి, నీళ్లలా జారుతూ డీజిల్ వాసన కొట్టిన బండ్లు చూశాను.

ప్లాస్మా మీద నాకు ఆశ ఇందుకే. పొగ దారిలో వేల వోల్టుల కరెంటు పెడితే, పొగ పెద్దగా వేడెక్కకుండానే ఓజోన్, ఆక్సిజన్ పరమాణువులు పుట్టి 200 డిగ్రీల లోపే మసిని తినడం మొదలుపెడతాయి. మాంగనీసు, సీరియం ఆక్సైడ్ల వంటి క్యాటలిస్టు తోడైతే మిగిలిన ఓజోన్ కూడా పనికొస్తుంది. అయితే ఆ కరెంటు ఇంజిన్ నుంచే రావాలి, అంటే డీజిల్ ఖర్చు. మోతాదు మించితే కొత్తగా నైట్రోజన్ ఆక్సైడ్లూ పుడతాయి. ల్యాబులో ఎంత బాగా పనిచేసినా మా దుమ్ములో, మా ఎండలో చూడాల్సిందే.

తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, కంది ఐఐటీ మనకు బస్సు దూరంలోనే ఉన్నాయి. అక్కడివాళ్లు కోతలప్పుడు వచ్చి క్యూలో నిలబడే నాలుగు లారీలకు ఈ ప్లాస్మా పరికరం బిగించి, ఎంత మసి కాలింది, ఎంత డీజిల్ పోయిందో లెక్క తీయాలి. అందాకా పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు పొగ మీటరుతో సరిపెట్టకుండా లోపల ఫిల్టర్ ఉందా లేదా చూడాలి. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. మా హమాలీలు బస్తా ఎత్తుకునేది ఆ పొగలోనే.

మిల్లర్లు బండ్లు ఇస్తే, విప్పి బిగించే పనంతా నా షెడ్డులో కూలి తీసుకోకుండా చేస్తాను.

— ఒక డీజిల్ మెకానిక్, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా