క్రిస్మస్‌కు చూడవలసినవే కాదు, వినవలసినవీ ఉన్నాయి

సంపాదకుల వారికి,

నమస్కారాలు. డిసెంబరు నెల వచ్చిందంటే క్రిస్మస్ సెలవుల్లో చూడదగిన సినిమాల గురించి మీ ఆదివారం అనుబంధంలో ఒక వ్యాసం రావడం చాలా ఏళ్లుగా ఆనవాయితీగా ఉంది. ప్రతి ఏడూ దాన్ని శ్రద్ధగానే చదువుతున్నాను. అయితే ఆ జాబితాలో చూడవలసినవే తప్ప వినవలసినది ఒక్కటీ కనబడదు. 1930ల మొదలు 1950ల చివరి దాకా అమెరికా రేడియోలో ప్రసారమైన నాటికల్లో క్రిస్మస్ కోసమే రాసినవి, క్రిస్మస్ రాత్రుల్లోనే వినిపించినవి ఎన్నో ఉన్నాయి. వాటి రికార్డింగులు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి వెబ్‌సైట్లలో ఎవరైనా ఉచితంగా వినడానికి దొరుకుతున్నాయి. పదేళ్లకు పైగా డిసెంబరు రాత్రుల్లో వాటిని వింటూ వస్తున్న శ్రోతగా, ఆ నాటికలకూ మీ పత్రికలో కొంత చోటు ఇవ్వమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

బొమ్మ లేని కథను గంటసేపు ఎవరు వింటారని చాలామంది అడుగుతారు. క్రిస్మస్ కథల సంగతే తీసుకుంటే ఆ ప్రశ్నకు సమాధానం సులువుగానే దొరుకుతుంది. ఈ కథల్లో ఉండేవి రాత్రి, మంచు, గాలి, దూరాన మోగే గంట, కంటికి ఆనని ఆత్మలు. వీటిలో చెవికి అందనిది ఏదీ లేదు. నిరుడు ఒక రాత్రి దీపాలన్నీ ఆర్పి, మా మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక నాటిక పెట్టాను. మంచులో ఎవరో నడిచి వస్తున్న అడుగుల చప్పుడు వినబడగానే ఆ పిల్ల దుప్పటి మెడదాకా లాక్కుంది. ఆనాటి స్టూడియోల్లో కార్న్‌ఫ్లోర్ నింపిన సంచిని చేత్తో నలిపి ఆ చప్పుడు పుట్టించేవారనీ, సెల్లోఫేన్ కాగితం నలిపితే చలిమంట చిటపటలాడినట్టు ఉంటుందనీ, పలుచని రేకును ఊపితే ఉరుము వినబడుతుందనీ నాటిక అయ్యాక చెప్పాను. నమ్మలేదు. వంటింట్లోకి వెళ్లి ఒక పొట్లాం తెచ్చి, చెవి దగ్గర పెట్టుకుని నలిపి చూసుకుంది. కిటుకు తెలిశాక సరదా పోతుందేమో అనుకున్నాను గానీ, మర్నాడు రాత్రి మళ్లీ ఆ అడుగులు వినబడేసరికి మళ్లీ దుప్పటి లాక్కుంది.

ఈ నాటికల్లో మొదట చెప్పుకోవలసింది చార్లెస్ డికెన్స్ 'ఎ క్రిస్మస్ కెరోల్'కు అమెరికన్ నటుడు లయొనెల్ బారీమోర్ ఇచ్చిన గొంతు. పిసినారి స్క్రూజ్ పాత్రను ఆయన 1934 క్రిస్మస్‌కు మొదటిసారి రేడియోలో పోషించారు. అప్పటి నుంచి 1953 దాకా ఆ పాత్ర ఏటా ఆయనదే, రెండేళ్లు తప్ప. 1936లో సరిగ్గా క్రిస్మస్ ముందు రోజున ఆయన భార్య మరణించగా, ఆ ఏడు తమ్ముడు జాన్ బారీమోర్ ఆ పాత్ర వేశారు. 1938లో నటుడు, దర్శకుడు ఆర్సన్ వెల్స్ వేశారు. ఆ 1938లోనే ఎం.జి.ఎం. సంస్థ ఆ కథను సినిమాగా తీసినప్పుడు స్క్రూజ్‌గా మొదట అనుకున్నది లయొనెల్‌నే. నడవలేని స్థితిలో ఉండటం వల్ల ఆయన ఆ వేషం వేయలేకపోయారు, అది రెజినాల్డ్ ఓవెన్‌కు వెళ్లింది. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి సినిమా తెర ఇవ్వలేని పాత్రను మైకు ఆ తరువాత కూడా పదిహేనేళ్లు ఇచ్చింది. ఈ ఒక్క సంగతి తలచుకున్నప్పుడల్లా రేడియో మీద నా గౌరవం పెరుగుతుంది. 1939 డిసెంబరు 24 నాటి ప్రసారంలో ఆర్సన్ వెల్స్ కథ చెబుతుండగా బారీమోర్ స్క్రూజ్‌గా పలికిన గంట నాటిక దొరుకుతుంది. కొత్తగా వినేవారు దానితోనే మొదలుపెడితే బాగుంటుంది. మొదట్లో ప్రతి మాటనూ కొరికి పారేసినట్టు పలికే ఆ బొంగురు గొంతు, చివర పండుగ ఉదయాన నవ్వవలసి వచ్చినప్పుడు, ఏళ్ల తరబడి తెరవని తలుపు కిర్రుమన్నట్టు తెరుచుకుంటుంది.

పండుగ కథలంటే మిఠాయిలాగా తీయగానే ఉంటాయని ఎవరైనా అనుకుంటే, వారిని 1949 డిసెంబరు 22న ఎన్.బి.సి. రేడియో నెట్‌వర్కులో ప్రసారమైన 'డ్రాగ్‌నెట్' అనే పోలీసు నాటికల వరుసలోని భాగాన్ని వినమంటాను. ఒక పిల్లవాడు కనబడకుండా పోతాడు. పండుగ బహుమతిగా కొన్న పాయింట్ 22 రైఫిల్ కూడా కనబడదు. పోలీసు అధికారి పాత్రలో జాక్ వెబ్, ఆయన తోటి అధికారి గొంతు పెంచకుండా, ఏడుపు పుట్టించాలన్న ప్రయత్నమేదీ లేకుండా, ఒక్కొక్క ఇల్లూ ఒక్కొక్క ప్రశ్నా అడుగుతూ పోతారు. మిగతా కథ చెప్పను. విన్న తరువాత ఆ రాత్రి నేను ఇంకేమీ వినలేకపోయాను, మనవరాలిని మాత్రం దాని జోలికి రానివ్వలేదు.

నార్మన్ కార్విన్ రాసిన పద్యనాటికను మాత్రం చిన్నా పెద్దా కలిసి వినవచ్చు. 1938 క్రిస్మస్ రోజున సి.బి.ఎస్. నెట్‌వర్కులో అది మొదటిసారి వినిపించినప్పుడు కార్విన్ వయసు ఇరవై ఎనిమిది. నరకంలో రోమన్ చక్రవర్తులు నీరో, కాలిగులా, ఇటలీకి చెందిన లుక్రీజియా బోర్జియా వంటి చరిత్రలోని దుష్టులందరూ సభ తీరి, క్రిస్మస్‌ను రూపుమాపాలంటే శాంటా క్లాజ్‌ను చంపాలని తీర్మానిస్తారు. ఆ పని మీద నీరో ఉత్తర ధ్రువానికి వెళ్తాడు. నాటిక మొత్తం అంత్యప్రాసలతోనే నడుస్తుంది. పద్యనాటకం విన్న చెవి ఉన్న తెలుగువారు, ఇంగ్లీషు కొంచెం అర్థం కాకపోయినా, ఆ ప్రాసల ఊపునూ నటులు వాటిని ఎక్కడ ఒత్తి ఎక్కడ విడిచిపెడతారన్నదీ వెంటనే పట్టుకోగలరని నా నమ్మకం.

నవ్వుకోవాలంటే హాస్యనటుడు జాక్ బెన్నీ ఉన్నాడు. 1946లో ఒక నాటికలో ఆయన మిత్రుడికి బహుమతిగా బూటు లేసులు కొంటాడు. కొనలకు ప్లాస్టిక్ ఉన్నవి కావాలా లోహం ఉన్నవి కావాలా అని తేల్చుకోలేక మళ్లీ మళ్లీ మార్చడానికి వచ్చి, మెల్ బ్లాంక్ గొంతు ఇచ్చిన ఆ దుకాణం గుమాస్తాకు పిచ్చెక్కిస్తాడు. శ్రోతలకు అది ఎంతగా నచ్చిందంటే ఆ తరువాత ఏళ్లలోనూ వస్తువు మార్చి అదే కథ నడిపారు.

ఇవి మనదాకా వచ్చిన తీరు కూడా మీ పాఠకులకు తెలియవలసిందే. ఆ రోజుల్లో పెద్ద నెట్‌వర్కుల నాటికలు దాదాపు అన్నీ ప్రత్యక్ష ప్రసారాలే. తూర్పు తీరానికి ఒకసారి ఆడి, మూడు గంటల తరువాత అవే గొంతులతో పడమటి తీరం కోసం మళ్లీ మొదటి నుంచి ఆడవలసి వచ్చేది. దాచుకోవడానికని పదహారు అంగుళాల పెద్ద రికార్డుల మీదికి ఎక్కించేవారు, ఒక్కొక్క వైపు పదిహేను నిమిషాలు పట్టేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ రికార్డులకు వాడే అల్యూమినియం కరవై గాజు పళ్లాల మీద పూత పూసి వాడారు. చెయ్యి జారితే ఆ నాటిక అంతటితో సరి. అందుకే కొన్ని రికార్డింగుల్లో గరగర వినబడినా, మధ్యలో మాట తెగినా నాకు విసుగు రాదు. విసుగు పుట్టించేవి వేరే ఉన్నాయి. తెల్లజాతి నటులు నల్లజాతివారి యాసను అనుకరిస్తూ నవ్వించిన నాటికలు ఆ కాలంలో ఉన్నాయి, క్రిస్మస్ భాగాల్లోనూ ఉన్నాయి. వాటిని పిల్లలకు వినిపించేటప్పుడు పక్కన పెద్దవారు ఉండి, అది ఎందుకు తప్పో చెప్పడం అవసరం.

చివరగా నా విన్నపం. పిల్లల కోసం 1937లో తయారైన 'ద సినమన్ బేర్' అనే ధారావాహిక ఇరవయ్యారు భాగాలు, ఒక్కొక్కటి పావుగంట. క్రిస్మస్ చెట్టు కొన మీద పెట్టే వెండి నక్షత్రం కనబడక, జూడీ, జిమ్మీ అనే తోబుట్టువులు అటక మీద వెతుకుతూ ఒక చిన్న బొమ్మ ఎలుగుబంటిని కలుసుకుని, దానితో కలిసి మాయాలోకంలోకి వెళ్లే కథ. అన్నీ ఒక్కసారే వినేస్తే దాని రుచి తెలియదు, రేపు ఏమవుతుందోనన్న ఆత్రంతో నిద్రపోవాలనే దాన్ని అలా రాశారు. నవంబరు 30న మొదలుపెట్టి రాత్రికొక భాగం చొప్పున వింటే సరిగ్గా క్రిస్మస్ రోజున ఇరవయ్యారో భాగం వస్తుంది. కనుక ఈసారి సినిమాల వ్యాసంతో పాటు పాత రేడియో నాటికల గురించి కూడా ఒక వ్యాసం వేయించాలనీ, దాన్ని డిసెంబరు దాకా ఆపకుండా నవంబరు ఆఖరి ఆదివారానికే అందించాలనీ కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు