నాన్న ఆపరేషన్‌కి అండగా నిలిచిన అందరికీ

నాన్నకి పెద్దపేగు ఆపరేషన్ అయింది, ఇంటికి తీసుకొచ్చేశాం. రక్తం ఇచ్చిన మా ఆఫీసు కుర్రాళ్లకి, ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ అమ్మకి క్యారేజీ పంపిన పక్కింటి పిన్నిగారికి, రాత్రిళ్లు విసుక్కోకుండా చూసుకున్న సిస్టర్లకి పేరుపేరునా కృతజ్ఞతలు.

ఇద్దరు డాక్టర్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి. నీరసం, రక్తం తక్కువ అంటూ నాన్న చాలాకాలం ఐరన్ మాత్రలే మింగారు. ఈ వయసు మగమనిషికి ఐరన్ తగ్గితే రక్తం ఎక్కడ పోతోందో వెతకాలని కొలనోస్కోపీకి (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకి) పట్టుబట్టింది మా ఫిజీషియన్ గారే. గడ్డ కుడివైపు ఉంది. అక్కడ మలం ఇంకా పల్చగానే ఉంటుంది కాబట్టి అడ్డుపడదు, రక్తం కొద్దికొద్దిగా పోతున్నా కంటికి కనబడదట.

గడ్డ ముక్క తీసి చేసిన బయాప్సీలో అడినోకార్సినోమా అనే క్యాన్సర్ అని రాగానే ఇంట్లో ఒకటే టెన్షన్. చుట్టాలు తలా ఒక మాట. ఆ ముక్కని పరీక్షించిన పాథాలజిస్ట్ మేడమ్ తన డ్యూటీ కాకపోయినా మమ్మల్ని కూర్చోబెట్టి, రిపోర్టు కవరు మీద పెన్నుతో బొమ్మ గీసి చెప్పారు. పేగు లోపలి పొరలో జిగురు తయారుచేసే గ్రంథుల్లో ఇది పుడుతుంది. పెద్దపేగు క్యాన్సర్లలో 90 శాతానికి పైగా ఈ రకమే, వైద్యం ఎలా చేయాలో బాగా తెలిసిన జబ్బే అన్నారు. చాలావరకు చిన్న పాలిప్‌గా, అంటే పేగు లోపలి పొర మీద బుడిపెలా మొదలై, క్యాన్సర్‌గా మారడానికి పదేళ్ల దాకా పడుతుందట. రిపోర్టులో ఉన్న ‘మోడరేట్లీ డిఫరెన్షియేటెడ్’ అన్నది గ్రేడ్ (కణాలు మామూలు కణాలకి ఎంత దగ్గరగా ఉన్నాయన్నది) మాత్రమే, స్టేజ్ (జబ్బు ఎంతవరకు పాకిందన్నది) కాదు. తీసిన పేగుతోపాటు కనీసం 12 లింఫ్ గ్రంథులైనా మైక్రోస్కోపు కింద చూశాకే స్టేజ్ గట్టిగా చెప్పగలరు.

‘‘ఆవకాయ వల్లేనామ్మా?’’ అని నాన్న అడిగితే, ‘‘పాపం, దాని మీదకి తోయకండి’’ అని నవ్వారావిడ. ఆ రాత్రి నాన్న నిద్రపోయారు.

లింఫ్ గ్రంథుల్లో ఏమీ లేదని వచ్చింది. ఇక జబ్బు మళ్లీ వస్తోందేమో చూడ్డానికి కొన్ని నెలలకోసారి సీఈఏ అనే రక్తపరీక్ష. తండ్రికి వచ్చింది కాబట్టి నలభై దాటిన అన్నయ్యనీ కొలనోస్కోపీ చేయించుకోమన్నారు. డేట్ తీసుకున్నాడు. పేగు శుభ్రం కావడానికి ముందురోజు తాగాల్సిన మందు గురించి దయచేసి ఎవరూ వాణ్ణి భయపెట్టొద్దు!

చూడ్డానికి వచ్చేవాళ్లు సాయంత్రం రండి, మధ్యాహ్నం పడుకుంటున్నారు. పళ్లు మాత్రం తేకండి, ఇంకొన్నాళ్లు పీచు తక్కువ ఉన్న తిండే పెట్టమన్నారు.