పిచికారీ తేదీకి తోటలోని వేడే కొలమానం కావాలి: ఉద్యాన శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉద్యాన శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. పండ్ల తోటల్లో పురుగు ఎప్పుడు విజృంభిస్తుందో చెప్పే హెచ్చరికలను ఎక్కడో ఉన్న ఒకే వాతావరణ కేంద్రం ఉష్ణోగ్రతను బట్టి తయారు చేసినంత కాలం, లోయలోనో వాలులోనో ఉన్న తోటకు అవి సరైన తేదీ చెప్పలేవు. అందుచేత ఉపగ్రహాలు కొలిచే నేల ఉపరితల ఉష్ణోగ్రతను కూడా ఆ లెక్కలోకి తీసుకోవాలని కోరుతున్నాను.

పురుగు ఎదుగుదల పరిసరాల వేడిని బట్టే సాగుతుంది. యాపిల్ కాయను తొలిచే కాడ్లింగ్ చిమ్మటకు దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ కనీస హద్దు. ఆపైన ఉన్న వేడిని ఏ రోజుకారోజు కూడుతూ పోతే వచ్చేదే డిగ్రీ-రోజుల లెక్క. లింగాకర్షక బుట్టల్లో (ఆడ చిమ్మట వాసనను పోలిన ఎరతో మగవాటిని పట్టే బుట్టల్లో) మగ చిమ్మటలు వరుసగా పడడం మొదలైన నాటి నుంచి సుమారు 140 డిగ్రీ-రోజులకు గుడ్లు పగలడం మొదలవుతుంది. రోజు సగటు 18 డిగ్రీలైతే దీనికి 17, 18 రోజులు పడుతుంది. 16 డిగ్రీలైతే 23 రోజులు దాటుతుంది. వినడానికి రెండు డిగ్రీలే గానీ, ఆ తేడాతో తొందరపడి కొట్టిన మందు పురుగు వచ్చే వేళకు బలం తగ్గిపోతుంది, ఆలస్యం చేస్తే పిల్ల పురుగు కాయలోకి దూరి ఏ మందుకూ అందకుండా పోతుంది.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వారి టెర్రా, ఆక్వా ఉపగ్రహాల్లో నేల వేడిని కొలిచే మోడిస్ పరికరాలు కిలోమీటరు చదరాల్లో పగలూ రాత్రీ తీసిన ఉష్ణోగ్రతలు 2000వ దశకం తొలి ఏళ్ల నుంచీ ఉచితంగానే దొరుకుతున్నాయి. ల్యాండ్‌శాట్ అనే మరో అమెరికా ఉపగ్రహ శ్రేణి చిత్రం ఇంతకంటే సూక్ష్మమైనదే అయినా, ఒక్కో ఉపగ్రహం అదే చోటికి 16 రోజులకొకసారి వస్తుంది కనుక రోజువారీ కూడికకు అది చాలదు.

అయితే ఉపగ్రహం చూసేది నేల, ఆకుల పైభాగపు వేడినే తప్ప చిమ్మట చుట్టూ ఉన్న గాలి వేడిని కాదు. మధ్యాహ్నం ఎండకు కాగిన వట్టి నేల గాలి కంటే ఎంతో వేడిగా ఉంటుంది. రాత్రి కొలత మాత్రం గాలి కనిష్ఠ ఉష్ణోగ్రతకు చాలావరకు దగ్గరగా వస్తుంది. కాబట్టి కొన్ని తోటల్లో కొమ్మల ఎత్తున నీడపట్టున ఉష్ణమాపకాలు పెట్టించి, వాటితో సరిచూశాకే ఉపగ్రహ లెక్కను వాడాలి. బుట్టలను మాత్రం తీసివేయకూడదు. లెక్క ఏ రోజు నుంచి మొదలుపెట్టాలో చెప్పేవి అవే.

మబ్బు కమ్మిన రోజున ఈ పరికరాలకు నేల కనబడదు. ఆ ఖాళీలను అంచనాతో నింపక తప్పదు గానీ, ఏ రోజుది కొలతో, ఏ రోజుది అంచనాయో హెచ్చరికలోనే వేరుగా చూపించేలా ఆదేశించండి. వారం రోజులు ముసురు పట్టిందని తెలిస్తే, మందు కలిపే ముందు రైతే వెళ్లి కాయలు తిప్పి చూసుకుంటాడు.

భవదీయుడు,
ఒక పండ్ల తోట రైతు