కోచ్‌కి కనీసం నాలుగేళ్లు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

2024 నవంబర్ 18న గచ్చిబౌలి స్టేడియంలో మలేసియాతో మన భారత ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్‌కి మా అబ్బాయిని తీసుకెళ్లాను. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ బంతి కోసం ముందుకు ఉరికాడు, అందలేదు. వెనక గోల్ ఖాళీ. మలేసియా ఆటగాడు జోసుయే బంతిని లోపలికి నెట్టేశాడు. తర్వాత కార్నర్‌కి భేకే తలతో కొట్టి 1-1 చేశాడు. భేకే డిఫెండర్. ఏళ్లుగా మనకు గోల్స్ కొట్టిన సునీల్ ఛెత్రీ అప్పటికే రిటైరయ్యాడు. "ఛెత్రీ లేడుగా, ఇక గోల్స్ ఎవరు కొడతారు నాన్నా?" అని మావాడు అడిగితే నాకు ఏ పేరూ తట్టలేదు.

నాలుగు నెలలకే ఛెత్రీని మళ్లీ పిలిచారు. అప్పటికి ఆయనకు నలభై. మాల్దీవులపై గోల్ కొట్టాడు, నేనూ ఎగిరి గంతేశాను. కానీ ఆ తర్వాత బంగ్లాదేశ్‌తో 0-0, హాంకాంగ్ చేతిలో ఓటమి, 2025 అక్టోబర్‌లో సొంతగడ్డ మీదే సింగపూర్ చేతిలో ఓటమి. 2027 ఆసియా కప్‌లో ఆడే అవకాశం చేజారింది. ఇందులో ఛెత్రీని అనడానికి ఏమీ లేదు, పిలిచారు కాబట్టి వచ్చాడు. ఆయన తర్వాత ఎవరన్నది ముందే చూసుకోకపోవడం ఫుట్‌బాల్ ఫెడరేషన్ తప్పు. ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్బుల్లో గోల్ ముందు నిలబడేది ఎక్కువగా విదేశీయులే. మన కుర్రాళ్లు పక్కలకు సర్దుకోవాల్సి వస్తోంది.

ఇక కోచ్‌లు. 2024 జూన్‌లో జట్టు కోచ్ స్టిమాచ్‌ని తీసేశారు. మన హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022లో ఐఎస్‌ఎల్ కప్పు తెచ్చిన మనోలో వచ్చారు. ఆయన్ని ఆ సీజన్ అంతా గోవా క్లబ్ కోచ్ పని కూడా చేయనిచ్చారు. 8 మ్యాచ్‌లు, ఒకటే గెలుపు, ఏడాది తిరక్కుండా వెళ్లిపోయారు. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్.

మన ఊరి కోచ్ రహీం సాబ్ 1950 నుంచి 1963 దాకా భారత జట్టును నడిపారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, ఆయన్ని ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచాం, అందులో ఒక గోల్ జర్నైల్‌దే. ఏళ్ల తరబడి తన ఆటగాళ్లను చూసిన కోచ్‌కే అంత ధైర్యం వస్తుంది.

ఫెడరేషన్‌కు నా విన్నపం: జమీల్‌ను నాలుగేళ్లు కదపకండి. స్నేహపూర్వక మ్యాచ్‌లన్నిటిలో ఇరవై మూడేళ్లలోపు ఫార్వర్డ్‌లిద్దరిని మొదటి నిమిషం నుంచీ ఆడించండి, ఓడినా సరే. అలాంటి మ్యాచ్ గచ్చిబౌలిలో పెడితే మావాడితో కలిసి మళ్లీ వస్తాను.

- ఒక ఫుట్‌బాల్ అభిమాని, బోయిన్‌పల్లి, సికింద్రాబాద్