స్త్రీవాదానికి కాలం చెల్లలేదు
చదువు, ఓటు, ఉద్యోగం అన్నీ వచ్చేశాక స్త్రీవాదంతో ఇంకా పనేముందనే వాదన ఈమధ్య గట్టిగా వినిపిస్తోంది, అది సరికాదు. సమాన వేతనంపై అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేసింది 1951లో. ఇప్పటికీ ఇంటర్వ్యూల్లో "పెళ్లెప్పుడు? పిల్లలు పుడితే మానేస్తారా?" అని అమ్మాయిలనే అడగడం చూస్తున్నాను. పక్క కుర్చీలోని అబ్బాయికి ఆ టెన్షనే లేదు. భార్యాభర్తలు ఒకే వేళకు ఆఫీసు నుంచి వచ్చినా నేరుగా వంటింట్లోకి వెళ్లేది ఆవిడే, పిల్లాడికి జ్వరమొస్తే సెలవు పెట్టేదీ ఆవిడే. ఐస్‌లాండ్‌లో 25 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలు జీతాల్లో వివక్ష లేదని రుజువు చేసుకోవాలని 2018లోనే చట్టం అమల్లోకి వచ్చింది. అన్ని దేశాలూ అలాంటి చట్టం తేవాలి. ఇంటర్వ్యూల్లో పెళ్లి, పిల్లల ప్రశ్నలను నిషేధించి, తండ్రులకూ జీతంతో కూడిన సెలవులివ్వాలి.